స్పెల్లింగ్‌ను బట్టీ పట్టించొద్దు, ముక్కలు చేయించండి



డిక్టేషన్ స్లిప్ టెస్ట్ పేపర్లు ఇంటికి పంపిన మర్నాడు డైరీల్లో నాకు తరచూ కనిపించే మాట ఒకటుంది. "రాత్రి పదిసార్లు రాయించాం మేడమ్. పడుకునే ముందు తప్పు లేకుండా అప్పజెప్పాడు. క్లాసులో ఎందుకు మర్చిపోయాడో తెలియడం లేదు." ఇందులో మీ లోపం లేదు, పిల్లల లోపం కూడా లేదు. లోపం ఆ పద్ధతిలో ఉంది. అదెందుకు నిలవదో, దాని బదులు మేము మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో ఏం నేర్పిస్తున్నామో, ఇంట్లో రోజూ పది నిమిషాల్లో మీరేం చేయవచ్చో ఈ నెల చెప్పాలనుకుంటున్నాను.

ఒక చిన్న మాట ముందే చెబుతాను. ఈ పేజీలో స్పెల్లింగులన్నీ ఇంగ్లీషు అక్షరాల పేర్లతో, తెలుగులోనే ఇచ్చాను. ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మ అయినా పైకి చదివి వినిపించవచ్చు. మీరు చదవండి, పాప కాగితం మీద ఇంగ్లీషులో రాస్తుంది. అడ్డగీత (/) దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఆ ఆగడమే ఈ నెల పాఠం.

బట్టీ ఎందుకు నిలవదు?

"ఆర్-ఏ-బి-బి-ఐ-టి, ర్యాబిట్" అని పిల్లవాడు పాటలా వల్లిస్తున్నప్పుడు అతని బుర్రలో ఉన్నది ఆరు పేర్ల వరుస మాత్రమే. ఏ అక్షరం ఏ శబ్దం కోసం వచ్చిందో ఆ వరుసలో ఎక్కడా లేదు. మధ్యలో ఒక పేరు జారిందంటే దాన్ని తిరిగి పట్టుకోవడానికి ఆధారం ఉండదు. మనకైనా పది అంకెల ఫోన్ నంబరు ఒక్క గుక్కలో గుర్తుండదు. ఐదు, ఐదుగా విడగొట్టి చెప్పుకుంటాం. పిల్లలకు కూడా అలాంటి విరుపే కావాలి. అయితే పదాన్ని ఎక్కడ పడితే అక్కడ కాకుండా శబ్దం విరిగే చోట విరవాలి.

రెండో తరగతి వరకు బట్టీతో బండి నడుస్తుంది. క్యాట్, సన్, షిప్ లాంటి చిన్న మాటలు చూసి గుర్తుపెట్టుకోవచ్చు. మూడో తరగతి నుంచి సైన్సులో, సోషల్‌లో, మ్యాథ్స్‌లో కూడా పొడుగు మాటలు వరుసకడతాయి. మల్టిప్లికేషన్ అన్న మాటలో 14 అక్షరాలున్నాయి. దాన్ని అక్షరాల వరుసగా మోయడం పెద్దవాళ్ల వల్ల కూడా కాదు.

ఇక్కడ పోయేది డిక్టేషన్ మార్కులు మాత్రమే అయితే నేను ఇంత రాయను. మూడో తరగతిలో ఒక బాబు సీతాకోకచిలుక జీవితచక్రాన్ని నోటితో చక్కగా చెప్పేవాడు. గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, అన్నీ ఇంగ్లీషులోనే. రాయమంటే మాత్రం గొంగళిపురుగు బొమ్మ కింద 'వార్మ్' అని రాసేవాడు. క్యాటర్‌పిల్లర్ అన్న మాట అతనికి తెలుసు. రాయలేనని కూడా తెలుసు. అందుకే తెలిసిన మాటను వదిలేసి రాయగలిగిన మాటను పెట్టాడు. పిల్లలు స్పెల్లింగ్‌కు భయపడితే జరిగేది ఇదే. ఆలోచన పెద్దదే ఉంటుంది, కాగితం మీదికి చిన్నదే వస్తుంది. ఆ పేపరు దిద్దేవాళ్లకు ఆ పిల్లవాడికి అంతే తెలుసని అనిపిస్తుంది. కొన్నాళ్లకు ఆ పిల్లవాడికి కూడా అలాగే అనిపిస్తుంది.

సిలబుల్ అంటే ఏమిటి?

మాటలో ఒక్కో అచ్చు శబ్దం చుట్టూ ఏర్పడే ముక్కే సిలబుల్. గడ్డం కింద అరచేయి పెట్టి మాటను నెమ్మదిగా పలకమనండి. గడ్డం ఎన్నిసార్లు కిందికి దిగితే అన్ని సిలబుల్స్. క్యాట్‌కు ఒకటి, టైగర్‌కు రెండు, బనానాకు మూడు, క్యాటర్‌పిల్లర్‌కు నాలుగు. అచ్చు అక్షరాలను లెక్కపెట్టకూడదు, అచ్చు శబ్దాలనే లెక్కపెట్టాలి. కేక్ స్పెల్లింగ్‌లో ఏ, ఈ రెండూ ఉన్నా వినిపించే అచ్చు ఒక్కటే కాబట్టి సిలబుల్ కూడా ఒక్కటే. రెయిన్‌లో ఏ, ఐ పక్కపక్కన ఉన్నా శబ్దం ఒక్కటే, వాటిని విడదీయం.

మన తెలుగు పిల్లలకు ఇది కొత్త విద్య కాదు. క-మ-ల అని విడదీయడం వాళ్లకు గుణింతాల నాటి నుంచి అలవాటే. కానీ ఒక చిక్కుంది. తెలుగులో అక్షరం సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. ఇంగ్లీషు సిలబుల్ చాలాసార్లు హల్లుతో మూసుకుంటుంది. ఇది అర్థం కావాలంటే 'అమ్మ' అన్న మాట చూడండి. రాసేటప్పుడు అ, మ్మ అని రెండు అక్షరాలు. నోటితో నెమ్మదిగా పలికితే అమ్-మ అని విరుగుతుంది. మొదటి ముక్క మకారంతో మూసుకుంది. ఛందస్సు చదువుకున్నవాళ్లకు గుర్తుంటుంది, ద్విత్వాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుంది. దాని వెనక ఉన్నది కూడా ఈ మూసుకోవడమే. ఇంగ్లీషు పదాలను విడదీయాల్సింది రాతలోని అ-మ్మ లాగా కాదు, నోటిలోని అమ్-మ లాగా.

ర్యాబిట్‌లో రెండో 'బి' ఎందుకు?

డిక్టేషన్ పేపర్లలో నేను ఎక్కువగా దిద్దే తప్పు ఇదే. ర్యాబిట్‌ను ఒకే 'బి'తో రాస్తారు. నిజానికి ఆ పిల్లలు చాలా శ్రద్ధగా విన్నవాళ్లు. ర్యాబిట్ అన్నప్పుడు వినిపించేది ఒక్క బకారమే. తెలుగులో పప్పు అంటే పకారం నిజంగానే ఒత్తి పలుకుతాం, అందుకే ఒత్తు రాస్తాం. వినిపించని ఒత్తును ఎందుకు రాయాలన్నది పిల్లల న్యాయమైన ప్రశ్న.

జవాబు ఇదీ. మనకు హ్రస్వానికి, దీర్ఘానికి వేర్వేరు గుర్తులున్నాయి. ఇంగ్లీషుకు లేవు. ఏ, ఈ, ఐ, ఓ, యూ అనే ఐదు అక్షరాలతోనే అది దాదాపు 20 అచ్చు శబ్దాలను నెట్టుకురావాలి. అందుకని పక్కనున్న హల్లులను సైగల్లా వాడుకుంటుంది. ముక్క హల్లుతో మూసుకుంటే లోపలి అచ్చు పొట్టిగా పలుకుతుంది. మూసుకోకుండా తెరిచి ఉంటే ఆ అచ్చు తన పేరే పలుకుతుంది. చిన్న మాటల్లో చూపిస్తే పిల్లలు వెంటనే పట్టుకుంటారు. జి-ఓ గో, తెరిచి ఉంది. జి-ఓ-టి గాట్, మూసుకుంది. ఎమ్-ఈ మీ, తెరిచి ఉంది. ఎమ్-ఈ-టి మెట్, మూసుకుంది. క్లాసులో మేము వీటిని తెరిచిన తలుపు, మూసిన తలుపు అంటాం.

ఇప్పుడు ర్యాబిట్: ఆర్-ఏ-బి / బి-ఐ-టి. మొదటి 'బి' తలుపు మూయడానికి వచ్చింది. రెండో 'బి' తర్వాతి ముక్కను మొదలుపెట్టడానికి వచ్చింది. అంటే తెలుగు ఒత్తు హల్లు గురించి చెబుతుంది, ఇంగ్లీషు జంట హల్లు దాని ముందున్న అచ్చు గురించి చెబుతుంది. ఈ ఒక్క సంగతి తెలిసిన పిల్లలకు కిటెన్, బటన్, హాపింగ్ అన్నీ ఒకే కుటుంబంగా కనిపిస్తాయి.

నాలుగు విరుపులు

1. మధ్యలో రెండు హల్లులుంటే, రెండింటి మధ్య విరవాలి. నాప్కిన్: ఎన్-ఏ-పి / కె-ఐ-ఎన్. బాస్కెట్: బి-ఏ-ఎస్ / కె-ఈ-టి. డిన్నర్: డి-ఐ-ఎన్ / ఎన్-ఈ-ఆర్. అయితే రెండక్షరాలు కలిసి ఒకే శబ్దం ఇస్తే (ఎస్-హెచ్, సి-హెచ్, టి-హెచ్, పి-హెచ్, సి-కె) వాటిని విడదీయకూడదు. డాల్ఫిన్: డి-ఓ-ఎల్ / పి-హెచ్-ఐ-ఎన్. రాకెట్: ఆర్-ఓ-సి-కె / ఈ-టి. మూడు హల్లులు వచ్చినప్పుడు కలిసి పలికే జతను కలిపే ఉంచాలి. హండ్రెడ్: హెచ్-యూ-ఎన్ / డి-ఆర్-ఈ-డి.

2. మధ్యలో ఒకే హల్లు ఉంటే, ముందుగా దాని ముందు విరిచి చూడాలి. టైగర్: టి-ఐ / జి-ఈ-ఆర్. రోబో అని మనం పిలుచుకునే రోబాట్: ఆర్-ఓ / బి-ఓ-టి. మ్యూజిక్: ఎమ్-యూ / ఎస్-ఐ-సి. మొదటి ముక్క తెరిచి ఉంది, అచ్చు తన పేరు పలుకుతోంది. అలా విరిస్తే తెలిసిన మాట రాకపోతే హల్లు తర్వాత విరవాలి. లెమన్‌ను ఎల్-ఈ దగ్గర విరిస్తే లీ-మన్ అవుతుంది, అలాంటి మాట లేదు. కాబట్టి ఎల్-ఈ-ఎమ్ / ఓ-ఎన్. కేబిన్, క్యామెల్, రివర్ ఈ రకానివే. మొదటి విరుపు ఇచ్చినంత భరోసా ఈ రెండోది ఇవ్వదు. లెమన్‌లో 'ఎమ్' ఒకటే ఎందుకుందో సూత్రంతో చెప్పలేం. ఇలాంటి మాటలను మేము విడిగా ఒక పట్టికలో రాయించి చూపిస్తాం.

3. చివర హల్లు, ఎల్, ఈ వస్తే, వెనక నుంచి మూడు లెక్కపెట్టి విరవాలి. టేబుల్: టి-ఏ / బి-ఎల్-ఈ. బాటిల్: బి-ఓ-టి / టి-ఎల్-ఈ. ఆపిల్: ఏ-పి / పి-ఎల్-ఈ. మన నోట్లో టేబుల్ అన్నప్పుడు 'బు' స్పష్టంగా వినిపిస్తుంది, అందుకే పిల్లలు అక్కడ 'యూ' రాస్తుంటారు. చివరి ముక్క ఎప్పుడూ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటుందని చూపిస్తే ఆ తప్పు తగ్గుతుంది. టేబుల్‌కు ఒకే 'బి', బాటిల్‌కు రెండు 'టి'లు ఎందుకని పిల్లల్నే అడగండి. ఒకటి తెరిచిన తలుపు, ఒకటి మూసిన తలుపు అని వాళ్లే చెబితే, పాఠం ఎక్కినట్టే.

4. మాటలో మాట ఉంటే, అక్కడే విరవాలి. సన్‌సెట్: ఎస్-యూ-ఎన్ / ఎస్-ఈ-టి. రెయిన్‌బో: ఆర్-ఏ-ఐ-ఎన్ / బి-ఓ-డబ్ల్యూ. ముందు వచ్చే యూ-ఎన్, ఆర్-ఈ, చివర వచ్చే ఐ-ఎన్-జి, ఎఫ్-యూ-ఎల్, టి-ఐ-ఓ-ఎన్ లాంటివి కూడా విడి ముక్కలే. ఇప్పుడు ఆ 14 అక్షరాల మల్టిప్లికేషన్ చూడండి: ఎమ్-యూ-ఎల్ / టి-ఐ / పి-ఎల్-ఐ / సి-ఏ / టి-ఐ-ఓ-ఎన్. ఐదు ముక్కలు. ఏ ముక్కలోనూ నాలుగు అక్షరాలకు మించి లేవు. చివరి ముక్కను ఒక్కసారి నేర్చుకుంటే అడిషన్, స్టేషన్, నేషన్‌లకు కూడా అదే పనికొస్తుంది.

ఇది ఈమధ్య ఎవరో కనిపెట్టిన పద్ధతి కాదు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1783లో వేసిన స్పెల్లింగ్ పుస్తకంలోనే పదాలను సిలబుల్స్‌గా విడదీసి నేర్పారు. 1930లలో శామ్యూల్ ఆర్టన్, అన్నా గిలింగ్‌హామ్ చదవడంలో ఇబ్బంది పడే పిల్లల కోసం తయారుచేసిన బోధనలో కూడా ఇది ముఖ్యమైన భాగం.

ఇంట్లో పది నిమిషాలు

రోజుకు ఐదు మాటలు చాలు. పుస్తకం మీ చేతిలో ఉండాలి, పిల్లల ముందు కాదు.

మొదట మీరు మాట చెప్పండి, పిల్లలు తిరిగి పలకాలి. తర్వాత గడ్డం కింద చేయి పెట్టి ముక్కలు లెక్కపెట్టాలి. ఎన్ని ముక్కలో అన్ని గీతలు రఫ్ బుక్‌లో గీయాలి. ఆపైన ఒక్కో ముక్కను పైకి పలుకుతూ ఒక్కో గీత మీద రాయాలి. ప్రతి ముక్కలో అచ్చు ఉందో లేదో చూసి దాని చుట్టూ సున్నా చుట్టాలి. అచ్చు లేని ముక్క కనిపిస్తే ఏదో వదిలేశారని వాళ్లకే తెలుస్తుంది. చివరగా గీతలు లేకుండా మాట మొత్తం ఒకసారి రాయాలి. అంతే. పదిసార్లు చూసి రాయడంలో చేయి అలసిపోతుంది తప్ప చెవికి పని ఉండదు. ఈ ఒక్కసారి రాయడంలో చెవి, నోరు, చేయి మూడూ పనిచేస్తాయి.

దిద్దేటప్పుడు ఒక్క మార్పు చేయండి. మాట మొత్తాన్ని కొట్టేయకండి. రిమెంబర్ అన్న మాటలో పాప రెండో 'ఎమ్' మర్చిపోయిందనుకోండి. ఆర్-ఈ / ఎమ్-ఈ-ఎమ్ / బి-ఈ-ఆర్ అని విడదీసి, "మూడు ముక్కల్లో రెండు రైటు. మధ్య ముక్క ఇంకోసారి పలుకు" అనండి. పెద్ద ఎర్ర ఇంటూ గుర్తు పాపకు "నీకు రాదు" అని చెబుతుంది. ఈ మాట "ఇక్కడొకటి సరిచెయ్యి" అని చెబుతుంది. తప్పు ఎక్కడుందో తెలిసిన పిల్లలు దాన్ని దిద్దుకోవడానికి కూర్చుంటారు. మొత్తం తప్పే అనుకున్నవాళ్లు పుస్తకం మూస్తారు.

మా ఇంగ్లీషు సరిపోతుందా?

పీటీఎంలో కొందరు తల్లులు గొంతు తగ్గించి అడిగే మాట ఇది. "మేము తెలుగు మీడియంలో చదివాం. మా ఉచ్చారణ విని పిల్లలు తప్పు నేర్చుకుంటారేమో మేడమ్." స్పెల్లింగ్ వరకు మీ తెలుగు నోరు అడ్డం కాదు, సాయమే. ఇంగ్లీషువాళ్లు చాలా మాటల్లో బలం లేని అచ్చులను సగం మింగేస్తారు. మనం ప్రతి అచ్చును నిండుగా పలుకుతాం. డాక్టర్ చివరి ముక్కలో ఓ ఉందా, ఈ ఉందా అని వాళ్ల పిల్లలకు వినికిడితో తెలియదు. మీరు స్పెల్లింగ్ కోసం డాక్-టార్ అని ఒత్తి పలికితే మీ పాపకు ఓ గుర్తుంటుంది. వెన్స్‌డే రాయాల్సి వచ్చినప్పుడు వెడ్-నెస్-డే అని పలికించమని మేమే క్లాసులో చెబుతాం. ఇది రాయడం కోసం పలికే పలుకు. మాట్లాడేటప్పటి పలుకు వేరు. ఈ రెండూ వేర్వేరని ఒకసారి చెబితే పిల్లలు ఇబ్బంది పడరు.

నవ్వే పిల్లలు కూడా ఉంటారు, "అమ్మా, అలా అనరు" అంటారు. అననివ్వండి. "సరే, మరి ఎలా విరుస్తారో నువ్వే చూపించు" అనండి. నేర్పే కుర్చీలో కూర్చున్న పిల్లవాడు మరింత బాగా నేర్చుకుంటాడు.

దేనికి పనికిరాదు?

ఈ పద్ధతి అన్ని తాళాలకూ చెవి కాదు. సెడ్ (ఎస్-ఏ-ఐ-డి), ఫ్రెండ్ (ఎఫ్-ఆర్-ఐ-ఈ-ఎన్-డి), పీపుల్ (పి-ఈ-ఓ-పి-ఎల్-ఈ) లాంటి మాటలు శబ్దాన్ని నమ్ముకుంటే మోసం చేస్తాయి. వాటిని చూసి, ఏ అక్షరం వింతగా ఉందో గుర్తించి, అది ఒక్కటే గుర్తుపెట్టుకోవాలి. ఇలాంటివి వారానికి రెండు మూడు మించి ఇవ్వం. ఇంకొకటి, డిక్షనరీ మీకంటే ఒక అక్షరం అటో ఇటో విరిస్తే కంగారు పడకండి. మనకు కావలసింది మాట సరిగ్గా రాయగలగడం, గీత సరిగ్గా పడటం కాదు.

మూడో తరగతిలో ఉండి కూడా చప్పట్లతో ముక్కలు లెక్కపెట్టలేకపోతున్నా, క్యాట్, మెట్ లాంటి చిన్న మాటలు చదవడానికే తడబడుతున్నా, అక్షరాలను తరచూ తారుమారు చేస్తున్నా దాన్ని బద్ధకం అనుకోకండి, కొట్టకండి. మాకు చెప్పండి. డిస్‌లెక్సియా వంటి అభ్యసన ఇబ్బందులను 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. అలాంటి పిల్లలు తెలివిలో ఎవరికీ తీసిపోరు. వాళ్లకు కావలసింది ఎక్కువ ఇంపోజిషన్ కాదు, తగిన నిపుణుల పరీక్ష, ఇదే బోధన మరింత నెమ్మదిగా, మరిన్నిసార్లు.

ఈ నెల పది మాటలు

మీరు చదవండి, పిల్లలు రాస్తారు. ఏది ఏ విరుపో కూడా వాళ్లనే అడగండి.

వింటర్: డబ్ల్యూ-ఐ-ఎన్ / టి-ఈ-ఆర్
కిటెన్: కె-ఐ-టి / టి-ఈ-ఎన్
మాన్‌స్టర్: ఎమ్-ఓ-ఎన్ / ఎస్-టి-ఈ-ఆర్
పేపర్: పి-ఏ / పి-ఈ-ఆర్
పైలట్: పి-ఐ / ఎల్-ఓ-టి
రివర్: ఆర్-ఐ-వి / ఈ-ఆర్
లిటిల్: ఎల్-ఐ-టి / టి-ఎల్-ఈ
పజిల్: పి-యూ-జెడ్ / జెడ్-ఎల్-ఈ
హెల్ప్‌ఫుల్: హెచ్-ఈ-ఎల్-పి / ఎఫ్-యూ-ఎల్
క్యాటర్‌పిల్లర్: సి-ఏ-టి / ఈ-ఆర్ / పి-ఐ-ఎల్ / ఎల్-ఏ-ఆర్

వచ్చే పీటీఎంకు వచ్చేటప్పుడు మార్కుల కార్డుతో పాటు పిల్లల రఫ్ బుక్ కూడా తీసుకురండి. ఏ ముక్క దగ్గర ఆగిపోతున్నారో ఇద్దరం కలిసి చూద్దాం.

ఇంగ్లీష్ టీచర్, ప్రైమరీ విభాగం